ఫోన్ లేకుండా ఎస్సెమ్మెస్

నెట్ ఉన్న కంప్యూటరు, ట్యాబ్లెట్ లేదా అలాంటి మరో పరికరం నుంచి, చేతిలో ఫోన్ లేకపోయినా, ఇంకొకరి మొబైల్‌కు పొట్టి సందేశం పంపే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వినడానికి ఇదేదో అడ్డదారిలా ఉంటుంది. చరిత్ర చూస్తే ఇదే రాజమార్గం. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో కంప్యూటరు నుంచే బయలుదేరింది. సెమా గ్రూపులో పనిచేస్తున్న 22 ఏళ్ల ఇంజనీరు నీల్ పాప్‌వర్త్ కీబోర్డు మీద ‘మెర్రీ క్రిస్మస్’ అని కొట్టాడు. వోడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ దగ్గరున్న ఆర్బిటెల్ 901 ఫోన్‌లో అది కనిపించింది. జార్విస్ జవాబు రాయలేదు. రాద్దామన్నా కుదిరేది కాదు, ఆ ఫోన్‌కు మెసేజ్ చూపించడమే వచ్చు. జనం చేతిలోని ఫోన్లు మెసేజ్ పంపడం నేర్చుకున్నది ఆ తరవాతే.

అంటే పంపడానికి ఫోనే ఉండాలన్న నియమం ఎస్సెమ్మెస్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. చేరడానికి మాత్రం నంబరు కావాలి. ఆ తరవాతి ముప్ఫై ఏళ్ల కథంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. పంపినందుకు డబ్బు ఎవరు కట్టాలి? పంపినవాడు ఎవరో ఎవరు పూచీ పడాలి?

మెసేజ్ నడిచే దారి

ఎస్సెమ్మెస్ ఒక ఫోన్ నుంచి తిన్నగా ఇంకో ఫోన్‌కు వెళ్లదు. మధ్యలో ఆపరేటరు దగ్గర ఎస్సెమ్మెస్ సెంటర్ అనే కంప్యూటరు ఉంటుంది. దాన్ని తపాలా ఆఫీసు అనుకోవచ్చు. వచ్చిన ఉత్తరాన్ని ముందు తీసుకుని దాచుకుంటుంది. అందుకోవలసిన నంబరు ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉందో చందాదారుల చిట్టా చూసి తెలుసుకుంటుంది. ఫోన్ ఆన్‌లో ఉంటే అందిస్తుంది, లేకపోతే గడువు తీరేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ రాకపోకలు మాటలు నడిచే దారిలో సాగవు. కాల్ కలపడానికీ తెంచడానికీ ఆపరేటర్లు వాడే సంకేతాల దారిలో మిగిలిన ఖాళీలో సాగుతాయి. మొదట్లో కంపెనీలకు దీని మీద అదనపు ఖర్చు దాదాపు లేకపోవడానికి కారణం ఇదే. రూపాయి తీసుకుని పంపిన మెసేజ్ ఖరీదు అంతే ఉంటుందని మనం చాలాకాలం నమ్మాం.

ఈ తపాలా ఆఫీసుకు రెండు తలుపులు. వీధి తలుపు టవర్ల వైపు ఉంటుంది, మామూలు ఫోన్ల మెసేజ్‌లు అందులోంచి వస్తాయి. పెరటి తలుపు కంప్యూటర్ల వైపు ఉంటుంది. ఐర్లండుకు చెందిన ఆల్డిస్కాన్ అనే కంపెనీ రూపొందించిన ఎస్ఎంపీపీ అనే ఒప్పంద భాషలో మాట్లాడే ఏ కంప్యూటరునైనా, ఆపరేటరు ఒప్పుకుంటే, ఆ తలుపు లోపలికి రానిస్తుంది. బ్యాంకు ఓటీపీ వచ్చేదీ, కరెంటు బిల్లు గుర్తుచేసేదీ, పిల్లవాడు బడికి రాలేదని చెప్పేదీ పెరటి తలుపులోంచే. వీటిలో ఏదీ ఎవరో ఫోన్ పట్టుకుని టైపు చేసింది కాదు.

నూట అరవై, డెబ్బై

ఎస్సెమ్మెస్ కొలత 160 అక్షరాలని అందరికీ తెలుసు. 1985లో జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చుని తోచిన వాక్యాలు, ప్రశ్నలు కొట్టి, వాటి అక్షరాలూ ఖాళీలూ లెక్కపెట్టాడట. దాదాపు అన్నీ 160 లోపే తేలాయి. పోస్టుకార్డుల మీదా టెలెక్సుల్లోనూ జనం రాసేది అంతకు మించడం లేదన్న గమనింపు కూడా తోడైంది. సంకేతాల దారిలో ఉన్న చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. అక్షరానికి 7 బిట్లు చొప్పున సర్దితే సరిగ్గా 160 వచ్చాయి.

ఆ లెక్క యూరపు అక్షరాల కోసం వేసింది. తెలుగులో రాస్తే ఒక్కో గుర్తుకు 16 బిట్లు పడతాయి, కాబట్టి మనకు దక్కేవి 70. పైగా యంత్రం లెక్కపెట్టేది మనం అక్షరమనుకునేదాన్ని కాదు. గుణింతం వేరు గుర్తు, పొల్లు వేరు గుర్తు. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరం, యంత్రానికి నాలుగు: శకారం, పొల్లు, రకారం, దీర్ఘ ఈకారం. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని రాస్తే మనకు కనిపించేవి ఎనిమిది అక్షరాలు, మధ్య ఖాళీతో కలిపి యంత్రం వసూలు చేసేది 22. మొత్తం చోటులో మూడోవంతుకు దగ్గర. డెబ్బై దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను తిరిగి కలపడానికి గుర్తులు పెట్టాలి గనక ఒక్కో ముక్కలో 67 మాత్రమే మిగులుతాయి, ఛార్జీ మాత్రం ముక్కకొకటి. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు తయారుచేసింది గానీ, అవి వాడకంలో ఎక్కడా పెద్దగా కనిపించవు.

అందుకే తెలుగువాళ్లు చాలాకాలం ఎస్సెమ్మెస్‌లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే రాశారు. చాలా ఫోన్లలో తెలుగు ఫాంటు లేక డబ్బాలు కనబడడం ఒక కారణం, జేబు లెక్క ఇంకో కారణం. లిపిని వదులుకున్నారని తరవాత ఎందరో బాధపడ్డారు. ఒకటికి రెండు ఛార్జీలు కట్టమంటే అభిమానం ఎంతకాలం నిలుస్తుంది?

ఈమెయిల్ నుంచి ఫోన్‌కు

నెట్ నుంచి మామూలు జనం ఎస్సెమ్మెస్ పంపిన తొలి మార్గాల్లో ఈమెయిల్ గేట్‌వే ఒకటి. అమెరికా ఆపరేటర్లు ప్రతి నంబరుకూ ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చారు. ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ-మొబైల్ ఒక్కోదానికీ ఒక్కో డొమైన్. పది అంకెల నంబరు తరవాత ఆ డొమైన్ చేర్చి మెయిల్ పంపితే, అవతలి ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌గా దిగేది. పంపినవారికి పైసా ఖర్చు లేదు. అది ఊరికే వచ్చిన ఔదార్యం కాదు. అమెరికాలో మెసేజ్ అందుకున్నవారు కూడా ఛార్జీ కట్టేవారు, కాబట్టి పంపేవారి దగ్గర తీసుకోకపోయినా కంపెనీకి నష్టం లేదు. మన దేశంలో అందుకోవడం మొదటినుంచీ ఉచితమే. ఆ తేడా వల్లే ఇక్కడ ఈ పద్ధతి వేళ్లూనలేదు.

అమెరికాలో దీన్ని కుర్రకారు కంటే యంత్రాలే ఎక్కువకాలం వాడుకున్నాయి. సర్వరు ఆగిపోతే అర్ధరాత్రి ఇంజనీరును లేపడానికీ, వాలంటీర్ అగ్నిమాపక దళాలను పిలవడానికీ, వాతావరణ హెచ్చరికలకూ ఇది అక్కరకొచ్చింది. దీనికి రెండు లోపాలున్నాయి. అవతలివారు ఏ కంపెనీలో ఉన్నారో ముందే తెలియాలి. చిరునామా తెలిసిన ప్రతి చెత్త మెయిలూ ఫోన్‌లోకి దూరిపోవచ్చు. ఆ చెత్తే చివరికి దీన్ని ముంచింది. ఏటీ అండ్ టీ తన గేట్‌వేను 2025 జూన్ 17న మూసేసింది.

మొదటి లోపం మన దగ్గర ఇంకోలా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు నంబరు చూసి కంపెనీ చెప్పేవారు. 98480 అంటే ఐడియా, 98490 అంటే ఎయిర్‌టెల్, 94400 అంటే బీఎస్ఎన్ఎల్. 2011 జనవరిలో నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చాక ఆ జోస్యానికి కాలం చెల్లింది.

హైదరాబాదు రోజులు

మన దేశంలో ఫోన్ లేకుండా ఎస్సెమ్మెస్ అనగానే ముప్ఫై, నలభై ఏళ్ల వయసువారికి గుర్తొచ్చేవి రెండు పేర్లు: వే2ఎస్సెమ్మెస్, 160బై2. రెండూ హైదరాబాదులో పుట్టినవే. వే2ఎస్సెమ్మెస్‌ను 2006లో రాజు వనపల మొదలుపెట్టారు. 160బై2 వ్యాపార రహస్యం దాని పేరులోనే ఉంది. నూట అరవై అక్షరాలను రెండుతో భాగించి, 80 మీకు, మిగతా 80 ప్రకటనకు. మీ ‘నిద్రపోయావా’ కింద ఎవరిదో కోచింగ్ సెంటరు ప్రకటన వెళ్లేది. పెరటి తలుపులోంచి టోకున కొన్న ఎస్సెమ్మెస్‌లను ప్రకటనదారుడి డబ్బుతో మనకు ఉచితంగా పంచారన్నమాట.

ఆనాటి గిరాకీ అర్థం కావాలంటే అప్పటి ధరలు గుర్తుండాలి. ఒక ఎస్సెమ్మెస్ రూపాయి, వేరే రాష్ట్రానికైతే ఇంకా ఎక్కువ. నెలవారీ ప్యాక్ వేయించుకున్నా సంక్రాంతి, ఉగాది, కొత్త సంవత్సరం వంటి రోజుల్లో అది పనిచేసేది కాదు. ఆ రోజులకు బ్లాక్ఔట్ డేస్ అని పేరు. ఎప్పుడు పంపాలనిపిస్తుందో అప్పుడే ఉచితం తీసేయడంలో ఆపరేటర్లు మన పంచాంగాన్ని బాగా చదివారు. గంటకు పదో పదిహేనో రూపాయలు ఇచ్చి నెట్ సెంటర్లో కూర్చుంటే, అదే గంటలో స్నేహితులందరికీ శుభాకాంక్షలు పంపేయవచ్చు. బీటెక్ పిల్లలకు అది లాభసాటి బేరం. మిస్డ్ కాల్‌తో కబురు చెప్పుకునే జనానికి ఈ సైట్లు దేవుడిచ్చిన వరం.

చిత్రమేమంటే, ఫోన్ లేకుండా పంపే ఈ సైట్లలో ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరే కావాలి. పాస్‌వర్డు ఆ ఫోన్‌కే వచ్చేది. అవతలివారికి మెసేజ్ పైన సైటు పేరు కనబడేది, పంపింది ఎవరన్నది లోపలెక్కడో ఉండేది. చూసీచూడనట్టు తీసేసిన ప్రేమ సందేశాలకు లెక్కలేదు.

ఈ సైట్లకు రాని పని ఒకటి విద్యార్థులే చేసుకున్నారు. వే2ఎస్సెమ్మెస్ తన సేవను బయటి ప్రోగ్రాములు వాడుకునేలా తెరిచి పెట్టలేదు. అయినా మనిషి లాగిన్ అయినట్టే లాగిన్ అయి, పెట్టెలో అక్షరాలు నింపి, బటన్ నొక్కే చిన్న పీహెచ్‌పీ, జావా ప్రోగ్రాములు కాలేజీల్లో చేతులు మారాయి. హాజరు తగ్గితే తల్లిదండ్రులకు మెసేజ్, నీళ్ల ట్యాంకు నిండితే మెసేజ్, ఇలా ఎన్నో ఇంజనీరింగు ప్రాజెక్టులు వీటి మీదే నడిచాయి. సైటు వాళ్లు పేజీ కాస్త మార్చిన రోజున అన్నీ కలిసి ఆగిపోయేవి. వైవా రోజునే అలా జరిగిన జట్ల పాట్లు పడ్డవారికే తెలుసు.

పూచీకత్తు

ఉచితంగా పంపగలిగేది మంచివాళ్లు మాత్రమే కాదు. స్థలాల అమ్మకాలు, లాటరీలు, అప్పుల ఆశలు ఫోన్లను ముంచెత్తాయి. భారత టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010లో చేసిన నిబంధనలు 2011 సెప్టెంబరు 27 నుంచి పూర్తిగా అమలయ్యాయి. అవాంఛిత ప్రకటనలు వద్దనుకునేవారి నమోదుకు 1909, రాత్రి వేళ ప్రకటనల మీద నిషేధం, ఒక్కో సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే అన్న పరిమితి వచ్చాయి. వంద చాలదని గోల పెడితే కొద్ది వారాల్లోనే 200 చేశారు. మామూలు వ్యక్తుల మధ్య మెసేజ్‌లకు ఆ పరిమితి చెల్లదని 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

రద్దీ కంటే పుకారు ప్రభుత్వాన్ని ఎక్కువ భయపెట్టింది. 2010 సెప్టెంబరులో అయోధ్య తీర్పుకు ముందు బల్క్ ఎస్సెమ్మెస్‌లను దేశమంతటా ఆపేశారు. 2012 ఆగస్టులో దాడులు జరుగుతాయన్న పుకార్లతో బెంగళూరు వంటి నగరాల నుంచి ఈశాన్య రాష్ట్రాలవారు రైళ్లెక్కి వెళ్లిపోతుంటే, ఆగస్టు 17న ప్రభుత్వం అయిదుకు మించిన బల్క్ మెసేజ్‌లను పదిహేను రోజుల పాటు నిషేధించింది. కొద్ది రోజులకు ఆ అయిదును ఇరవై చేశారు. పంపినవారెవరో తేల్చలేని మెసేజ్ ఎంత దూరం పోగలదో ప్రభుత్వం చూసింది ఆ ఆగస్టులోనే.

దాని ఫలితం ట్రాయ్ 2018 నిబంధనల్లో కనిపిస్తుంది. ఇప్పుడు పెరటి తలుపులోంచి ఒక్క మెసేజ్ పంపాలన్నా ముందు ఆపరేటర్ల డీఎల్‌టీ వేదికలో సంస్థ పేరు నమోదు కావాలి. ఇది బ్లాక్‌చెయిన్ పద్ధతిలో అందరు ఆపరేటర్లూ పంచుకునే చిట్టా. సంస్థ తరవాత దాని ఆరక్షరాల హెడర్ నమోదు కావాలి. ఆ తరవాత పంపబోయే ప్రతి వాక్యం అచ్చు కూడా టెంప్లేటుగా ఆమోదం పొందాలి. మారే చోట్లు, అంటే పేరు, మొత్తం, తేదీ వంటివి, ఖాళీలుగా వదులుతారు. మిగతా వాక్యంలో కామా తేడా వచ్చినా మెసేజ్ పోదు. 2021 మార్చి 8న ఈ సరిపోల్చడాన్ని గట్టిగా మొదలుపెడితే దేశమంతటా ఓటీపీలు నిలిచిపోయాయి. నమోదు సరిగా చేసుకోని బ్యాంకులూ సంస్థలూ లబలబలాడాయి. మరునాడే ట్రాయ్ వారం రోజులు వెసులుబాటు ఇచ్చింది.

టెంప్లేటు మనకు కొత్తేమీ కాదు. తంతి ఆఫీసులో శుభాకాంక్షల వాక్యాల పట్టిక ఉండేది, ప్రతి వాక్యానికీ ఒక నంబరు. పెళ్లికి వెళ్లలేనివారు ఫారం మీద ఆ నంబరు రాసిస్తే, అవతలి ఊళ్లో పూర్తి వాక్యం టైపు చేసి అందించేవారు. అక్కడ ఆ అచ్చు వాక్యం ఖర్చు తగ్గించింది, ఇక్కడ అనుమానం తగ్గిస్తోంది. ఫోన్ లేకుండా కబురు పంపే ఆ పాత పద్ధతిని 2013 జూలై 14 రాత్రితో ప్రభుత్వం ముగించింది. టెలిగ్రాం అంటే చావు కబురేనని గుండెలు పట్టుకున్న తరానికి, ఓటీపీ వస్తే ఉలిక్కిపడే తరం వారసత్వం పుచ్చుకుంది.

మెసేజ్ పైన కనబడే హెడర్‌ను చదవడం నేర్చుకుంటే మేలు. గీతకు ముందున్న రెండక్షరాల్లో మొదటిది ఆపరేటరుది, రెండోది సర్కిల్‌ది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు ‘ఏ’. రాష్ట్రం 2014లో రెండైనా టెలికం లైసెన్సుల లెక్కలో సర్కిల్ మాత్రం ఒకటే, కాబట్టి తెలంగాణ కూడా అందులోనే. 2025 నుంచి హెడర్ చివర ఇంకో అక్షరం చేరింది. ప్రకటనకు పీ, సేవకు ఎస్, లావాదేవీకి టీ, ప్రభుత్వానికి జీ. బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజ్ పది అంకెల మామూలు నంబరు నుంచి వస్తే అది బ్యాంకుది కాదనుకోవడమే మంచిది.

ఈ కట్టడి వచ్చాక ఉచిత ఎస్సెమ్మెస్ సైట్లకు ఊపిరాడలేదు. వ్యక్తి తన మాటల్లో రాసే మెసేజ్‌కు టెంప్లేటు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పటికే వాట్సాప్ వారి గిరాకీని లాగేసుకుంది కూడా. వే2ఎస్సెమ్మెస్ నడిపిన సంస్థ పొట్టి వార్తల యాప్ వే2న్యూస్‌గా మారి తెలుగు పల్లెల్లో నిలదొక్కుకుంది. కొన్ని అక్షరాల్లో విషయం చెప్పే విద్య ఎక్కడికీ పోలేదు.

అమెరికా నంబరు, ఐపాడ్ టచ్

ఇదే కాలంలో ఉత్తర అమెరికాలో కథ వేరే దారి పట్టింది. యాపిల్ 2007లో తెచ్చిన ఐపాడ్ టచ్ చూడడానికి ఐఫోన్ లాంటిదే, ఫోన్ భాగం ఒక్కటే లేదు. నెలనెలా బిల్లు కట్టలేని స్కూలు పిల్లల చేతుల్లో అది వైఫై మీద బతికింది. వారి కోసం టెక్స్ట్‌ఫ్రీ, కెనడాలోని వాటర్లూలో పుట్టిన టెక్స్ట్‌నౌ వంటి యాప్‌లు వచ్చాయి. యాప్ వేసుకుంటే ఒక నిజమైన నంబరు ఇస్తారు. దానికి సిమ్ లేదు, టవరు లేదు. నెట్ మీద కాల్స్ నడిపే కంపెనీలకు కేటాయించిన నంబర్ల గుట్టలోంచి తీసింది. ఖర్చు ప్రకటనలు భరిస్తాయి. కొంతకాలం వాడకపోతే ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేస్తారు, దానితోపాటు పాత యజమానికి రావలసిన మెసేజ్‌లు కూడా కొత్తవారికే పోతాయి.

గూగుల్ వాయిస్ కూడా ఈ కోవలోదే. 2007లో కొన్న గ్రాండ్‌సెంట్రల్ మీద కట్టి 2009లో మొదలుపెట్టింది. కంప్యూటరు తెర మీదే అమెరికా నంబరుతో మెసేజ్ రాయవచ్చు, చదవవచ్చు. అక్కడికి చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థుల్లో దీని పేరు బాగా తెలుసు. అయితే అది అమెరికా, కెనడా నంబర్లకే మెసేజ్ పంపుతుంది. విజయవాడలో ఉన్న అమ్మ ఫోన్‌కు పోదు.

ఇలాంటి ఉచిత నంబర్లు మన దేశంలో వ్యక్తులకు దొరకవు. ఇక్కడ నంబరు వెనక గుర్తింపు పత్రం, ఫొటో, చిరునామా ఉండాలని నియమం. 2018లో బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో సిమ్ అక్కర్లేని పది అంకెల నంబరును ఏడాదికి 1099 రూపాయలకు ఇచ్చింది గానీ, అది కాల్స్ కోసం ఉద్దేశించింది, వివరాల నమోదు కూడా తప్పదు. అమెరికా సైతం మెల్లగా ఇటే వస్తోంది. సాఫ్ట్‌వేరుతో మామూలు నంబర్ల నుంచి మెసేజ్‌లు పంపే సంస్థలు ముందు నమోదు కావాలన్న నియమం అక్కడా వచ్చింది. నమోదు కాని మెసేజ్‌లను 2023 నుంచి ఆపరేటర్లు ఆపేస్తున్నారు.

ఎస్సెమ్మెస్ కాని మెసేజ్

2011 అక్టోబరులో యాపిల్ ఐమెసేజ్ తెచ్చింది. ఐఫోన్‌లో అది ఎస్సెమ్మెస్ పెట్టెలోనే కూర్చున్నా, నడిచేది పూర్తిగా నెట్ మీద. నంబరు లేని ఐపాడ్, ఐప్యాడ్ కూడా ఈమెయిల్ చిరునామాతో అందులో చేరవచ్చు. ఆ మరుసటి ఏడాది మాక్ కంప్యూటర్లకూ వచ్చింది. అవతలివారికి యాపిల్ పరికరం లేకపోతే మాత్రం ఐప్యాడ్ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఇంట్లో ఎక్కడో ఉన్న మీ ఐఫోన్ దాన్ని ఎస్సెమ్మెస్‌గా మార్చి పంపాలి. ఈ ఏర్పాటు 2014లో వచ్చింది. ఆండ్రాయిడ్ వైపు గూగుల్ మెసేజెస్ 2018 నుంచి ఇదే పని చేస్తోంది. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంప్యూటరు బ్రౌజరులో మన ఎస్సెమ్మెస్‌లన్నీ తెరుచుకుంటాయి. చూడడానికి ఫోన్ లేనట్టే ఉంటుంది, నిజానికి చొక్కా జేబులోనో చార్జింగులోనో ఉన్న ఫోనే పని చేస్తుంటుంది.

తెలుగు అక్షరం ఒకటి ఈ పరికరాల చరిత్రలో అనుకోకుండా చోటు సంపాదించింది. 2018 ఫిబ్రవరిలో జ్ఞ అక్షరానికి కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, దాని మీద ఆకారం కలిసిన కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు, ఐప్యాడ్లు, మాక్‌లు, చివరికి వాచీలు కూడా యాప్ తెరవలేక కుప్పకూలాయి. ఆ అక్షరాన్ని తెర మీద గీయడంలో యాపిల్ సాఫ్ట్‌వేరు తికమకపడడమే కారణం. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 తో దాన్ని సరిచేశారు. తెలుగు చదవడం రానివారు కూడా ఆ వారం దాన్ని తోటివారి ఫోన్ల మీదికి విసిరి ఆడుకున్నారు.

వాట్సాప్ దారి ఇంకా ఆసక్తికరం. 2009లో మొదలైనప్పుడు దానికి యూజర్ పేరు, పాస్‌వర్డు లేవు, నంబరే గుర్తింపు. 2015 జనవరిలో వచ్చిన వాట్సాప్ వెబ్ ఫోన్‌కు అద్దం పట్టినట్టు మాత్రమే ఉండేది. ఫోన్ ఆగిపోతే ఇదీ ఆగేది. 2021 నుంచి నాలుగు పరికరాల దాకా విడిగా కలుపుకోవచ్చు, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అవి మెసేజ్‌లు పంపుతాయి. కొద్ది రోజులకొకసారి ఫోన్ ముఖం చూపిస్తే చాలు. దుకాణాలు వాడే వాట్సాప్ బిజినెస్‌నైతే ల్యాండ్‌లైన్ నంబరుతోనూ తెరవవచ్చు, ధ్రువీకరణ అంకెలను కాల్ చేసి చదివి వినిపిస్తుంది. మొబైల్ నంబరు లేని కిరాణా కొట్టు కూడా కంప్యూటరు ముందు కూర్చుని ఆర్డర్లు తీసుకునే వీలు అలా ఉంది.

ఆ వీలును బిగించే ప్రయత్నం మొదలైంది. 2025 నవంబరు 28న కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ వాట్సాప్, టెలిగ్రాం, సిగ్నల్, అరట్టై వంటి యాప్‌లకు ఆదేశాలిచ్చింది. నమోదైన సిమ్ పరికరంలో ఉంటేనే యాప్ పనిచేయాలి, వెబ్ లాగిన్‌లు ఆరు గంటలకు మించకుండా వాటంతటవే తెగిపోవాలి, ఇందుకు గడువు 90 రోజులు. విదేశాల్లో కూర్చుని భారతీయ నంబర్లతో మోసాలు చేసేవారిని అడ్డుకోవడానికని శాఖ చెప్పింది. ఆఫీసు కంప్యూటరులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాట్సాప్ తెరిచి ఉంచేవారికీ, సిమ్ లేని ట్యాబ్‌లో వాడుకునే పెద్దవాళ్లకూ ఇది ఇబ్బందే. 1992లో పంపేవాడికి నంబరే అక్కర్లేదు, ఇప్పుడు నంబరు ఉన్నా సిమ్ పక్కనే ఉండాలంటున్నారు.

డాంగిల్ దారి

ఎవరి దయా లేకుండా కంప్యూటరు నుంచి సొంతంగా ఎస్సెమ్మెస్ పంపాలంటే నమ్మకమైన దారి ఒకటుంది. సిమ్ వేసిన యూఎస్‌బీ డాంగిల్. 3జీ రోజుల్లో నెట్ కోసం కొన్న ఈ కర్రముక్కల సాఫ్ట్‌వేరులో ఓ మూల మెసేజ్‌ల పెట్టె ఉండేది, చాలామంది దాన్ని తెరవనే లేదు. లోపల ఉన్నది ఫోన్‌లో ఉండే మోడెమే. దానికి ఏటీ కమాండ్లు అనే పాత మోడెమ్ ఆజ్ఞలు అర్థమవుతాయి. అక్షరాల పద్ధతికి మారమని ఒక ఆజ్ఞ, నంబరుతో పంపమని ఇంకో ఆజ్ఞ, వాక్యం, చివర కంట్రోల్ జెడ్. అంతే, మెసేజ్ వీధి తలుపులోంచి మామూలు సిమ్ ధరకే వెళుతుంది. గామ్ము, కానెల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనిని సులువు చేశాయి. 2005లో కెన్ బ్యాంక్స్ తయారుచేసిన ఫ్రంట్‌లైన్ఎస్ఎంఎస్ నెట్ సరిగా లేని దేశాల్లో స్వచ్ఛంద సంస్థలకు ఇదే కిటుకును అందించింది. ఒక ల్యాప్‌టాప్, ఒక మోడెమ్ ఉంటే ఊరంతటికీ కబురు పంపవచ్చు. పొలంలో మోటారు ఆన్, ఆఫ్ చేసే సిమ్ పెట్టెలది కూడా ఈ వంశమే.

ఈ కిటుకే వందల సిమ్‌లతో పెట్టె కట్టేవారి చేతుల్లో నేరమవుతుంది. సిమ్ బాక్సులతో లక్షల మోసపు మెసేజ్‌లు పంపే ముఠాలు అప్పుడప్పుడు పోలీసులకు చిక్కుతుంటాయి. ఇక ‘ఉచితంగా ఎస్సెమ్మెస్ పంపండి’ అంటూ ఇప్పటికీ కనబడే వెబ్‌సైట్లతో జాగ్రత్త. టెంప్లేటు కట్టడి ఉన్న దేశంలో అవి భారతీయ నంబరుకు మీ మాటలు చేర్చడం దాదాపు అసాధ్యం. వాటికి కావలసింది మీరు టైపు చేసే రెండు నంబర్లే.

ఎస్సెమ్మెస్‌ను తాళంచెవిగా వాడడం మీద కూడా అభ్యంతరాలున్నాయి. ఆపరేటర్ల సంకేతాల దారి ఒకరినొకరు నమ్ముకునే కొద్ది కంపెనీల కాలంలో కట్టింది. 2017లో జర్మనీలో దొంగలు ఆ దారిలోనే బ్యాంకు ఓటీపీలను మళ్లించి ఖాతాలు ఖాళీ చేశారు. అయినా మన బ్యాంకులు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాయి. నెట్ నంబర్లకు ఓటీపీ పంపడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు. ప్రవాసుల కోసం 2023లో యూపీఐకి అమెరికా, బ్రిటన్, యూఏఈ సహా పది దేశాల నంబర్లను అనుమతించినా అది ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే.

అందుకే డాలస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఎన్నో తెలుగు ఇళ్లలో పాత ఫోన్ ఒకటి సొరుగులో పడి ఉంటుంది. అందులో ఇండియా సిమ్. అది చచ్చిపోకుండా గుర్తుపెట్టుకుని రీచార్జి చేయిస్తారు. దాన్నుంచి ఎవరూ ఎవరికీ ఏమీ రాయరు. ఊళ్లో పొలం పన్ను కట్టేటప్పుడో, నాన్న పెన్షను ఖాతా తెరిచేటప్పుడో దాన్ని బయటికి తీసి చార్జింగు పెట్టి, ఆరు అంకెల కోసం ఎదురుచూస్తారు.